కొండ దిగుతున్న మనిషి

ఆత్మకూరు బస్టాండు ఎదుటి సందులో వీడియో స్టూడియో నడిపే నాగేంద్రబాబుకు, తాను కళాకారుణ్నని నలభై ఆరో ఏట తెలిసింది. అంతవరకూ ఆ సంగతి అతనికీ తెలియదు, ఊరికీ తెలియదు. ఊరికి ఆ తర్వాత కూడా తెలియలేదనుకోండి, అది వేరే విషయం. ఇప్పుడైతే ఈ కథంతా అతనే చెబుతాడు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ. ఎదుటివాళ్లు నవ్వకముందే తాను నవ్వేస్తే నొప్పి తక్కువగా ఉంటుందని అనుభవం మీద నేర్చుకున్నాడు.

లెన్సు రిపేరుకని హైదరాబాదు వెళ్లినప్పుడు మొదలైంది ఇదంతా. వాన పట్టుకుంటే తల దాచుకోవడానికి ఏదో భవనంలోకి దూరాడు. లోపల చీకటి గది. ఒక గోడ మీద ఒకావిడ చేటలో బియ్యం చెరుగుతున్న వీడియో. మిగతా గోడల మీద రకరకాల మనుషులు కనిపించి, ఆవిడ ఏం చేస్తోందో తమకు తోచింది చెబుతున్నారు. కోపంగా ఉందని ఒకరు, దేవుణ్ని తలుచుకుంటోందని ఒకరు, ఎవరి కోసమో ఎదురుచూస్తోందని ఇంకొకరు. చూడ్డానికి వచ్చినవాళ్లు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని గంభీరంగా నిలబడ్డారు.

"దీన్ని వీడియో ఇన్‌స్టలేషన్ అంటారండీ. ఒకే దాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా చూస్తారు కదా, దాని మీద" అని గ్యాలరీ చూసుకునే అమ్మాయి చెప్పింది. పేరు భవ్యశ్రీ. సొంతూరు కలువాయి అని తెలిసేసరికి నాగేంద్రబాబుకు ప్రాణం లేచి వచ్చింది.

"పెళ్లికూతురు ఏడస్తా ఉంటే వాళ్లమ్మకి ఒకటి కనపడతాది, అత్తకి ఒకటి కనపడతాది. నేను ఇరవై ఏళ్లుగా తీస్తా ఉండేది ఇదే గదమ్మా!" అన్నాడు.

"మీరూ ఏదైనా చేస్తే చెప్పండి సార్" అంది ఆ అమ్మాయి మర్యాదకు.

మర్యాదకు అన్న మాటను నాగేంద్రబాబు ఆహ్వానంగా తీసుకున్నాడు. ఆత్మకూరు చేరేలోపే గడ్డం పెంచాలని నిర్ణయించుకున్నాడు. 'వీడియో' అనడం మానేసి 'దృశ్యం' అనడం మొదలుపెట్టాడు. ఒక పెళ్లిలో జీలకర్ర-బెల్లం పెడుతుంటే కెమెరాను అరటిచెట్టు మీద వాలిన తూనీగ వైపు తిప్పాడు. పెళ్లికొడుకు మేనమామ ఆ దృశ్యం చూసి అన్న మాటలు మాత్రం అతను ఎవరికీ చెప్పడు.

అతని ఆలోచన చాలా గొప్పగా ఉండేది, అతనికి. ఉదయగిరి కొండ, పొద్దుటి మంచు, పాడుబడ్డ కోటగోడ పక్కన దారి. ఆ దారిలో ఒక మనిషి మనకు వీపు చూపిస్తూ ఒంటరిగా కిందికి దిగిపోతుంటాడు. అంతే. ఆ నిమిషం సేపటి దృశ్యాన్ని నలుగురికి చూపించి, వాళ్ల ముఖాలూ మాటలూ రికార్డు చేసి, ఐదు తెరల మీద ఒకేసారి ఆడించాలి. పేరు 'చూపు'. మరి ఆ మనిషిగా ఎవరుండాలి? అంత లోతైన నడక నడవగలిగినవాడు చుట్టుపక్కల ఒక్కడే కనిపించాడు, అద్దంలో.

మార్గశిరంలో ఒకనాడు భార్య రజితను వెంటబెట్టుకుని ఉదయగిరి వెళ్లాడు. రజితకు కెమెరా కొత్త కాదు. పెళ్లికూతుళ్ల గదుల్లో షూటింగు ఎప్పుడూ ఆమే చేస్తుంది. కొండ రంగుతో మాట్లాడాలని నాగేంద్రబాబు మీగడ రంగు ప్యాంటు వేసుకున్నాడు. అది బావమరిది పెళ్లికి కుట్టించింది. ఆ బావమరిది కూతురు ఇప్పుడు ఇంజనీరింగు చదువుతోంది. ఊపిరి బిగబట్టి బొత్తాం పెట్టుకుని, కూలిన గోడరాళ్లు ఎక్కి పైకి చేరాడు.

"ఎర్ర బటన్ నొక్కి కదలకుండా నిలబడు. ఏం జరిగినా ఆపబాకు. ఇది కళ" అన్నాడు రజితతో.

దిగడం మొదలుపెట్టాడు. కొంత దూరం పోయాక వెనక నుంచి రజిత గొంతు ఏదో వినిపించింది. చలిగా ఉందనో, టీ తాగుదామనో అంటోందనుకుని, తిరిగి చూడకుండానే కుడిచెయ్యి పైకెత్తి ఊపాడు. తర్వాత ఆ చేతికి 'లోకానికి వీడ్కోలు' అని పేరు పెట్టుకున్నాడు.

తిరిగి పైకి ఎక్కి వచ్చేసరికి రజిత, "వెనక ప్యాంటు చినిగిపొయ్యింది చూసుకోండి" అంది.

ఇప్పుడు తిరిగి ఎక్కేటప్పుడే చిరిగి ఉంటుందనుకుని, తువ్వాలు నడుముకు చుట్టుకుని, "షాటు కదల్లేదు గదా?" అని అడిగాడు. ఆమె ఇంకేదో చెప్పబోయింది. అతను అప్పటికే కెమెరా సర్దుకుంటున్నాడు. ఎటూ మళ్లీ తీస్తారులే అనుకుని ఆమె ఊరుకుంది.

స్టూడియో వెనక గదిలో తలుపు వేసుకుని ఎడిటింగుకు కూర్చున్నాడు. కళకు ఏకాంతం కావాలి కాబట్టి రజితను కూడా రానివ్వలేదు. అక్కడున్న గొంతూ గాలీ వినకుండానే తీసేసి వీణ పెట్టాడు. మంచులో తన భుజాలు చూసుకుంటుంటే తనకే ముచ్చటేసింది. నడుము కింద ఒక నీలిరంగు మెరుపు అడుగడుక్కీ కనపడి మాయమవుతోంది. లెన్సు మీద వెలుతురు పడి వచ్చిన వింత అనుకున్నాడు. కావాలంటే రాదు అలాంటిది, దైవికం అనుకున్నాడు. ఆ నీలం ఇంకా బాగా కనపడాలని రంగు పెంచాడు కూడా.

తర్వాత ల్యాప్‌టాప్ తీసుకుని ఒక్కడే ఉదయగిరి వెళ్లి, తెలిసిన నలుగురికి చూపించాడు.

చెక్క గరిటెలు చెక్కే సమీవుల్లా కళ్లార్పకుండా చూశాడు. గుటక మింగాడు. చేతిలో ఉలి వైపు చూసుకున్నాడు.

"మనిషి దిగతా ఉండాడు సార్" అన్నాడు.

"ఇంకా? మీకేమనిపిస్తా ఉండాది?"

"ఇంకా అంటే... చల్లగాలి బాగా తగలతా ఉంటాది సార్."

ఎంత సూక్ష్మమైన స్పందన అని నాగేంద్రబాబు పొంగిపోయాడు.

ఊరి పెద్దరైతు పెంచలనరసయ్య చూసి నిట్టూర్చాడు. "కాలం ఎవురిని ఎట్టా చేస్తాదో చెప్పలేం నాయనా" అని భుజం తట్టాడు. బస్టాండు దగ్గర ఇడ్లీలమ్మే శీనమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క మాట కూడా అనలేక తల అడ్డంగా ఊపింది. రిటైరైన బస్సు డ్రైవరు గౌస్ మొహిద్దీన్ మాత్రం ముఖం గంభీరంగా పెట్టి, "ధైర్యం. చానా ధైర్యం ఉండాల" అన్నాడు.

ఇక నాగేంద్రబాబును పట్టుకోవడం ఎవరి తరం?

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి ఆత్మకూరులో కల్యాణమండపం భోజనాల హాలు దొరికింది. స్టిక్కర్లు పీకకూడదన్న షరతు మీద ఒక టీవీల షాపతను ఐదు టీవీలిచ్చాడు. నాగేంద్రబాబు కట్టిన బ్యానరు చూసి కొందరు టీవీల మేళా అనుకుని వచ్చారు, కొందరు ఏదో పార్టీ మీటింగనుకుని వచ్చారు. కలువాయికి వచ్చిన భవ్యశ్రీ కూడా పిలుపు అందుకుని వచ్చింది. ముందు వరసలో నాగేంద్రబాబు తల్లి పిచ్చమ్మ కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది.

నాగేంద్రబాబు మైకు అందుకున్నాడు. ఒంటరితనం గురించి చెప్పాడు. చెయ్యి ఊపడం గురించి చెప్పాడు. తర్వాత టీవీలు వెలిగాయి. ల్యాప్‌టాప్ మీద అగ్గిపెట్టెంత కనిపించిన మనిషి ఇక్కడ పెద్ద టీవీలో నిలువెత్తున దిగుతున్నాడు. హాల్లో చిన్న కలకలం పుట్టింది. అది పారవశ్యమనుకుని నాగేంద్రబాబు టీవీకి వీపు తిప్పి, జనం వైపు చూస్తూ గొంతు పెంచాడు.

"గమనించండి, ఆ నీలం! అది మానవుడి అంతరంగం. ఇన్నాళ్లూ లోపల దాచుకున్నది బయటికి తొంగిచూసే క్షణం!"

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. వచ్చింది. వచ్చాక టీవీ పెన్‌డ్రైవులో ఏ ఫైలు దొరికితే ఆ ఫైలు పట్టుకుంది, ఎడిటింగు చెయ్యని అసలుది. వీణ లేదు. మంచు, కొండ, గాలి చప్పుడు, దాని మీద రజిత గొంతు నాలుగు గోడలూ అదిరేలా:

"ఏమండీ! ఏమండీ, ఆగండి! వెనకమాల కుట్లు పొయ్యినాయి! నీలం డ్రాయరు కనపడతా ఉండాది! ఇనపడల్యా? అయ్యో, చెయ్యి ఊపతా ఉండాడే ఈ మనిషి!"

నాగేంద్రబాబు వెనక్కి తిరిగి, మొదటిసారి తన దృశ్యాన్ని తాను చూశాడు. మెరుపు కాదు. లెన్సు కాదు. దైవికం అసలే కాదు.

అందరికంటే ముందు పిచ్చమ్మ మాట్లాడింది. "అది నేను తెచ్చిచ్చిందేరా అబ్బయ్యా. రంగు పోలేదు చూడు."

అప్పుడు లేచిన నవ్వు బస్టాండు దాకా వినిపించిందని ఇప్పటికీ అంటారు. నాగేంద్రబాబు మైకు చేత్తో పట్టుకునే వంటింట్లోకి నడిచాడు. వైరు ఎంతవరకు వస్తే అంతవరకు వెళ్లి, అక్కడ వదిలేసి, బోర్లించిన పెద్ద అన్నం గుండిగ మీద కూర్చున్నాడు.

కాసేపటికి భవ్యశ్రీ వచ్చింది. కళ్లు తుడుచుకుంటూనే అంది: "సార్, భలే చేశారు. అంతసేపు ఆ గంభీరమైన ఉపన్యాసం ఇచ్చి, చివర్లో ఆ గొంతు పెట్టారు చూడండి! తనను తాను ఇంత ఎగతాళి చేసుకునే ఆర్టిస్టును నేను చూడలేదు. నిజంగా."

నాగేంద్రబాబు తల ఎత్తాడు. నూతిలో పడ్డవాడికి పై నుంచి తాడు వేలాడినట్టయింది. పట్టుకుంటే చాలు. నవ్వులపాలైనవాడు కాస్తా నవ్వించినవాడవుతాడు. 'అవునమ్మా, నా ఉద్దేశమే అది' అనడానికి నోరు తెరిచాడు కూడా. అంతలో రజిత గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి అతని ముందు నిలబడింది. ఏమంటాడోనని చూస్తోంది, అంతే.

"నేనేం పెట్టలేదమ్మా, కరెంటు పొయ్యింది" అన్నాడు. "ఆ నీలం ఏందో నాకు ఇప్పుడే తెలిసింది."

భవ్యశ్రీ నవ్వు ఆపింది. అతని ముఖం చూస్తే అబద్ధంలా లేదు.

"మరి ఆ నలుగురూ ఎప్పుడో చూసినారు గదా సార్. మీకు ఒక్కరన్నా ఎందుకు చెప్పలేదు?" అంది. ఆశ్చర్యంలో కలువాయి యాస బయటపడింది.

నాగేంద్రబాబు ఆ ప్రశ్నను వెంటబెట్టుకుని ఇంటికి పోయాడు. తర్వాత కొన్నాళ్లు స్టూడియోకు వెనక సందులో నుంచే వెళ్లాడు. టీ కొట్టు దగ్గర ఎవరో 'అంతరంగం బాగుండాదా అన్నా?' అని పలకరించారు. గడ్డం తీసేశాడు, ఎవరైనా గుర్తుపట్టకపోతారేమోనని. అందరూ గుర్తుపట్టారు. చివరికి రజితే కెమెరా బ్యాగు భుజాన వేసుకుంది.

"ఇట్టా ఎన్నాళ్లు దాక్కుంటారు? పోయి అడుగుదాం పదండి."

ఉదయగిరిలో ఈసారి తీసింది రజిత, అతను అడిగిన ప్రశ్న ఒకటే: "చూసి కూడా నాకెందుకు చెప్పల్యా?"

సమీవుల్లా సిగ్గుపడ్డాడు. "నాకు డౌటుగానే ఉండె సార్. మా తమ్ముడి కొడుకు మోకాళ్ల కాడ చినిగిన ప్యాంటు కొనుక్కొచ్చుకుని అదే ఫ్యాషనంటాడు. మోకాలి కాడ చినిగితే ఫ్యాషనైనప్పుడు, వెనక చినిగింది ఇంకా పెద్ద ఫ్యాషనేమో, హైదరాబాదులో వొచ్చిందేమో అనుకున్నా. అడిగితే నాకేం తెలీదంటారని ఊరుకున్నా."

శీనమ్మ ఇడ్లీపాత్ర మూత పెట్టి మరీ నవ్వింది. "ఏడిస్తినా? ఎవురు జెప్పింది సామీ! నవ్వాపుకోల్యాక సచ్చినా. మొగోడితో ఆ మాట నేనెట్టా అనేది? మీ ఇంటామె ఉండాది గదా, ఆమె చెప్తాదిలే అనుకున్నా."

పెంచలనరసయ్య మాత్రం నవ్వలేదు. కాస్త ఇబ్బందిగా కూర్చుని, "పెళ్లిళ్లన్నీ డ్రోన్లోళ్లు ఎత్తుకపొయ్యినారు, నీకు గిరాకీ పడిపొయ్యిందని ఇన్నాను. మంచి ప్యాంటు గూడా లేదనుకున్నా. లేనోడికి నీకు లేదని మొఖాన చెప్తామా?" అన్నాడు. లోపలికి వెళ్లి ఇస్త్రీ చేసి మడతపెట్టిన రెండు ప్యాంట్లు తెచ్చాడు. "మా చిన్నోడివి. అప్పుడే ఇద్దామనుకున్నా. ఏమనుకుంటావో అని చెయ్యి రాల్యా."

తన బీదరికం మీద ఒక మనిషి ఇన్ని నెలలుగా దిగులు పెట్టుకున్నాడని నాగేంద్రబాబుకు అప్పుడు తెలిసింది. నేను బీదవాణ్ని కాదు, వట్టి తెలివితక్కువవాణ్ని అని చెబుదామనుకున్నాడు. చెప్పలేక ప్యాంట్లు రెండు చేతులా తీసుకున్నాడు.

గౌస్ మొహిద్దీన్ దగ్గర మాత్రం దెబ్బ తిన్నాడు.

"నేను మీరు తెలిసే చేసినారనుకున్నా సార్" అన్నాడాయన. "లోకం ఏమన్నా అనుకోనీ, నేనింతే అని ఒక మనిషి అట్టా నడిచిపోతా ఉండాడంటే ఎంత గుండె ఉండాల! నేనైతే జీవితమంతా టక్కు సరిచేసుకుంటానే బండి నడిపినా. ఇంటికి పొయ్యి మావాళ్లకు గూడా చెప్పినా, అట్టాంటి మనిషిని చూసొచ్చినానని. ఇప్పుడు తెలీక చేసినారంటే..." ఆయన చొక్కా అంచు సరిచేసుకున్నాడు. "బాధగా ఉండాది సార్."

తాను ఆ మనిషై ఉంటే ఎంత బాగుండేదని నాగేంద్రబాబుకు గట్టిగా అనిపించింది. క్షమించమని అడిగాడు. దేనికో ఇద్దరికీ సరిగ్గా తెలియలేదు.

ఆత్మకూరు బస్సు కోసం బస్టాండు బల్ల మీద కూర్చున్నారు. ఇంకా బ్యాటరీ ఉంది. నాగేంద్రబాబు కెమెరాను రజిత వైపు తిప్పాడు. ఇంతకాలంలో ఆమెను ఏమీ అడగలేదని అప్పుడే తట్టింది.

"నువ్వు చెప్పు. ఆ పొద్దు నువ్వేం చూసినావు?"

"నన్నెందుకు?" అని పైట సర్దుకుంది. కెమెరా దించకపోయేసరికి కొండ వైపు చూస్తూ చెప్పింది.

"ప్యాంటు చూసినా. అది అందరూ చూసిందేలే. నేను పిలిచినా మీరు తిరిగి చూడరని నాకు ముందే తెలుసు. తెలిసే పిలిచినా. చెయ్యి ఊపినారు చూడండి, ఆ చెయ్యి నాకు బాగా తెలుసు. వంటింట్లోంచి ఏమండీ అంటే అదే చెయ్యి. స్టూడియోలో ఏమండీ అన్నా అదే చెయ్యి. వీడ్కోలని చెప్పినారు మొన్న మైకులో. నాకైతే 'తర్వాత చూద్దాంలే' అన్నట్టే ఉండాది, మొదట్నించీ."

నాగేంద్రబాబు మాటకు మాట జోకు వెయ్యగలడు. ఆ వేళ మాత్రం కెమెరా ఆపి బ్యాగులో సర్దాడు. బస్సు వచ్చింది. ఆమె ముందెక్కి కిటికీ పక్కన కూర్చుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, అతనికి చోటు చూపించింది.

'చూపు' మళ్లీ తయారైంది, ఆరు తెరలతో. కొండ దృశ్యానికి వీణ తీసేసి ఉన్న గొంతు ఉన్నట్టు ఉంచారు. ఎడిటింగు గదిలో ఇద్దరూ కూర్చున్నారు. తూనీగలాంటివి ఎక్కడైనా దూరిస్తే రజిత తీసేసింది. రంగు తగ్గిద్దామా అని అతను బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు. భవ్యశ్రీ దాన్ని హైదరాబాదులో పెట్టింది. వచ్చినవాళ్లు గడ్డం కింద చెయ్యి పెట్టుకునే మొదలుపెట్టి, కాసేపటికి చెయ్యి తీసేసి నవ్వారట. పెంచలనరసయ్య తెర దగ్గరకు వచ్చేసరికి నవ్వు తగ్గేదట. రజిత తెర దగ్గర కొందరు ఆడవాళ్లు కదలకుండా నిలబడిపోయి, మొగుళ్లను పిలిచి మళ్లీ మొదటి నుంచి చూపించారట. ఒకాయన మాత్రం నాగేంద్రబాబును పక్కకు తీసుకెళ్లి, ఆ నీలం ఆకాశానికి సంకేతమని చాలాసేపు వివరించాడు. నాగేంద్రబాబు భక్తిగా విన్నాడు. ఆ ఉపన్యాసం తానిచ్చినదానికంటే బాగుందని ఒప్పుకున్నాడు.

ఉదయగిరివాళ్లకు చూపించకపోతే బాగుండదని రజిత అంటే, సమీవుల్లా గరిటెలు చెక్కే షెడ్డులో కూడా ఒక సాయంత్రం పెట్టారు. నేలంతా చెక్కపొట్టు. జనం దాని మీదే కూర్చున్నారు. గౌస్ మొహిద్దీన్ ఇంటిల్లిపాదినీ తెచ్చాడు. కొండ దిగే మనిషిని చూపించి, "తెలీక చేసినా, తర్వాత తెలిసే పెట్టినారు గదా ఇట్టా. అది గూడా తక్కువేం కాదు" అని ఇంట్లోవాళ్లకు చెబుతుంటే నాగేంద్రబాబు విని, చెక్కపొట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు.

అందరూ లేచి వెళ్తుంటే శీనమ్మ కదల్లేదు. నడుము మీద చేతులు పెట్టుకుని తన తెర ముందు నిలబడింది.

"ఏందమ్మా నన్ను ఇంత నల్లగా చూపించినారు? ఆ పాత జాకెట్టు ఏంది, ఆ జుట్టేంది? నేనట్టా ఉంటానా? రేపు మంచి చీర కట్టుకొస్తా, మళ్లా తియ్యండి."

"నువ్వట్టే ఉంటావు శీనమ్మా" అన్నాడు నాగేంద్రబాబు.

"నిన్నెవురడిగినారు? ఆమెను అడగతా ఉండా."

రజిత ఆమెను కిందికీ మీదికీ ఒకసారి చూసింది. "రేపు పొద్దున్నే రా. వెలుతురు బాగుంటాది" అంది.